అరవయ్యో వంతు సెకనులో న్యూటన్

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి, సెకనులో అరవయ్యో వంతు గడిచేసరికి 65 సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. 2017 నాటి నిబంధనల ప్రకారం బ్యాటు మందం 67 మిల్లీమీటర్లు మించకూడదు. మైదానంలో ఈ రెండు అంకెలనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. సెకనుకు 60 బొమ్మలు గీసే వీడియో గేములో మాత్రం ఇవి ఢీకొంటాయి. ఒక బొమ్మలో బంతి బ్యాటుకు ముందు ఉంటుంది, తర్వాతి బొమ్మలో బ్యాటు దాటేసి ఉంటుంది. తగిలిన క్షణం అనేది కంప్యూటరు లెక్కలోనే లేదు. ఆటగాడు సరైన సమయానికే బ్యాటు ఊపినా బంతి అందులోంచి దూసుకుపోయి వికెట్లు పడగొడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఈ గేము రాసినా మొదటిసారి జరిగేది ఇదే. అతను చదివిన న్యూటన్ సూత్రాల్లో కాలం ఆగకుండా పారుతుంది, గేములో అది ముక్కలుగా తెగుతుంది.

నిజమనిపించే గేములు రాయడానికి ఫిజిక్స్ ఎంత నేర్పాలి, ఏ వయసులో, ఏ విభాగం నేర్పాలి అన్న వాదన ప్రపంచంలో ముప్ఫై ఏళ్ళుగా సాగుతోంది. ఉభయ గోదావరి జిల్లాల్లో దానికి ఓ ప్రత్యేక రూపం ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లాలు చీలి కొత్త పేర్లు వచ్చాయి గానీ పిల్లల చదువు దారి మారలేదు. పదో తరగతి, ఇంటర్‌లో ఎంపీసీ, ఎంసెట్ పోయి వచ్చిన ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్, ఆ పైన కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలోనో మరోచోటనో కంప్యూటర్ సైన్స్. ఈ దారిలో ఫిజిక్స్ ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ జారిపోతుందో చూడకుండా ఏ వాదం మంచిదో తేల్చలేం.

వాదం పుట్టిన తీరు

గేములకూ ఫిజిక్స్‌కూ చుట్టరికం మొదటినుంచీ ఉంది. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త సందర్శకుల కోసం ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ ఆట తయారుచేశాడు. బంతి పథాన్ని లెక్కగట్టింది అనలాగ్ కంప్యూటరు. 1962 నాటి స్పేస్‌వార్‌లో మధ్యనున్న నక్షత్రం గురుత్వంతో ఓడలను లాగేది. ఆ రోజుల్లో గేము రాసినవాళ్ళకు ఫిజిక్స్ వేరుగా నేర్పాల్సిన పని పడలేదు. వాళ్ళు అప్పటికే ప్రయోగశాలల్లోనూ సాంకేతిక విద్యాసంస్థల్లోనూ ఉన్నవాళ్ళు.

చిక్కు 1990లలో వచ్చింది. గేములు రాసేవాళ్ళు వేరు, ఫిజిక్స్ చదివినవాళ్ళు వేరు అయ్యారు. 1996-97లో క్రిస్ హెకర్ గేమ్ డెవలపర్ పత్రికలో వరసగా రాసిన వ్యాసాలు ప్రోగ్రామర్లకు దృఢ వస్తువుల చలనాన్ని మొదటినుంచి నేర్పే ప్రయత్నం చేశాయి. 1998లో వచ్చిన ట్రెస్‌పాసర్ అన్న డైనోసార్ల ఆట ప్రతిదాన్నీ ఫిజిక్స్‌కే వదిలేసి బొక్కబోర్లా పడింది. పెట్టె మీద పెట్టె నిలబెట్టడమే అందులో గగనమయ్యేది. అదే ఏడాది డబ్లిన్‌లో హావోక్ సంస్థ పుట్టి ఫిజిక్స్‌ను తయారు సరుకుగా అమ్మడం మొదలుపెట్టింది. 2004లో హాఫ్-లైఫ్ 2 దాన్ని వాడి పేరు తెచ్చుకుంది. ఆ పైన ఫిజిక్స్ రాయాలా, కొనుక్కోవాలా అన్న ప్రశ్న పుట్టింది. ఎరిన్ కాటో రాసిన బాక్స్2డి ఉచితంగా దొరకడం, 2009లో యాంగ్రీ బర్డ్స్ దాన్నే వాడటంతో కొనుక్కోవడం అన్న మాట కూడా పోయి ‘తీసుకోవడం’ మిగిలింది. ఇవాళ యూనిటీ అనే ఉచిత సాధనం తెరిస్తే గురుత్వ త్వరణం 9.81 అని ముందే రాసిపెట్టి ఉంటుంది.

గోదావరి తరగతి గదిలో

గేముకు కావలసిన ఫిజిక్స్‌లో ముప్పాతిక భాగం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఉంది. సరళరేఖా గమనం, సమతలంలో చలనం, గమన నియమాలు, పని-శక్తి, అభిఘాతాలు, కణవ్యవస్థలు, భ్రమణం, డోలనాలు అన్నీ అందులోవే. తెలుగు అకాడమీ పుస్తకాల్లోనూ ఇవి ఉన్నాయి, 2025-26లో మొదటి సంవత్సరానికి వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనూ ఉన్నాయి. పాఠ్యాంశాల కొరత ఎప్పుడూ లేదు.

కొరత వాటిని చదివే తీరులో ఉంది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. సగటున ప్రశ్నకు 67 సెకన్లు దక్కుతాయి. ఆ సమయంలో జవాబు వచ్చేది తెలిసిన సూత్రంలో అంకెలు వేస్తేనే. గాలి నిరోధం ఉంటే సూత్రం పనిచేయదు, అందుకని లెక్కలో గాలి ఉండదు. బంతి తిరుగుతుంటే చిక్కు, అందుకని తిరగదు. వాలుతలం నునుపుగా ఉంటుంది, తాడుకు బరువుండదు. ఇదంతా తప్పని కాదు, ఆదర్శీకరణ లేకుండా ఫిజిక్స్ నేర్పడం ఎవరి తరమూ కాదు. కానీ గేములో వస్తువులన్నీ ఈ మినహాయింపుల్లోనే బతుకుతాయి.

బీటెక్‌లోకి వెళ్ళాక సంగతి ఇంకా విచిత్రం. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 అనే సిలబస్ నిబంధనల్లో అన్ని బ్రాంచిలకూ ఉన్న ఇంజినీరింగ్ ఫిజిక్స్ అయిదు యూనిట్లు ఇవి: తరంగ దృశాశాస్త్రం, స్ఫటికశాస్త్రం, విద్యుద్రోధక-అయస్కాంత పదార్థాలు, క్వాంటం యాంత్రికశాస్త్రం, అర్ధవాహకాలు. చిప్పు ఎలా పనిచేస్తుందో తెలియడానికి ఇవి కావలసినవే. అయితే బంతి ఎలా ఎగురుతుందన్నది ఈ జాబితాలో లేదు. ఇంజినీరింగ్ మెకానిక్స్ సివిల్, మెకానికల్ వాళ్ళ సొత్తు. అంటే కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి న్యూటన్‌తో చివరి పరిచయం ఈఏపీసెట్ నాటిదే. గేము రాయాలనిపించే మూడో ఏటికి ఆ పరిచయం పాతబడి ఉంటుంది.

కాలాన్ని ముక్కలు చేసి లెక్కగట్టే యూలర్, రుంగే-కుట్టా పద్ధతులు ఈ ప్రాంతపు ఇంజినీరింగ్ చదువులోకి రాలేదని కాదు. జేఎన్‌టీయూ పాత నిబంధనల గణితం పేపర్లలో అవి ఉండేవి. క్యాలిక్యులేటర్ పట్టుకుని రెండు మూడు మెట్లు వేసి, నాలుగు దశాంశ స్థానాల దాకా జవాబు రాస్తే మార్కులు పడేవి. అది గణితం లెక్క, బంతికీ దానికీ పొత్తు లేదు. ఫిజిక్స్ మాష్టారి దగ్గర బంతి ఉంది, గణితం మాష్టారి దగ్గర యూలర్ ఉన్నాడు, కంప్యూటర్ మాష్టారి దగ్గర లూప్ ఉంది. ఈ మూడూ కలిసే పీరియడ్ టైంటేబుల్లో లేదు. మన దగ్గర చర్చంతా ఫిజిక్స్ ఎక్కువ చెప్పాలా తక్కువ చెప్పాలా అన్న దాని మీదే నడుస్తోంది గానీ, అసలు ఖాళీ ఈ కూడలి దగ్గర ఉంది.

నాలుగు వాదాలు

మొదటి వాదం సంప్రదాయవాదులది. ముందు యాంత్రికశాస్త్రం గట్టిగా చదవాలి, కోడు తర్వాత. డేవిడ్ ఎబర్లీ 2003లో రాసిన గేమ్ ఫిజిక్స్ లాంటి లావుపాటి పుస్తకాలు ఈ బడికి చెందినవి. లగ్రాంజ్ సమీకరణాలతో సహా అన్నీ ఉంటాయి. ఈ దారిన వచ్చినవాడికి పునాది గట్టిది, కాకపోతే ఎక్కువమంది దారిలోనే ఆగిపోతారు. గోదావరి జిల్లాల్లో ఈ వాదానికి సహజంగానే బలం ఎక్కువ, ఎందుకంటే మన చదువుల అలవాటే ఇది: ముందు సిద్ధాంతం, వీలుంటే ప్రయోగం.

రెండోది ఇంజను వాదం, అంటే యూనిటీ లాంటి తయారు సాధనాన్ని నమ్ముకోమనేది. ఎవరో రాసిన ఫిజిక్స్ ఉండగా మళ్ళీ రాయడం దేనికి? వస్తువుకు ద్రవ్యరాశి, ఘర్షణ, ఎగిరిపడే గుణం అంకెల్లో ఇస్తే మిగతాది ఇంజను చూసుకుంటుంది. హైదరాబాదు గేము స్టూడియోల్లో పని దొరకాలన్నా ఇంజను చేతికి అలవాటవ్వాలన్నది ఈ పక్షం మాట, అందులో అబద్ధం లేదు. బెడిసికొట్టినప్పుడు మాత్రం ఈ దారిన వచ్చినవాడు చీకట్లో తడుముకుంటాడు. యూనిటీలో ఫిజిక్స్ లెక్క మామూలుగా 0.02 సెకన్లకు ఒకసారి జరుగుతుంది. మన క్రికెట్ బంతి ఆ వ్యవధిలో 78 సెంటీమీటర్లు దాటుతుంది. ఢీకొనడాన్ని రెండు క్షణాల మధ్య దారంతా వెతకమని చెప్పే సదుపాయం అదే ఇంజనులో ఉంది, కానీ దాన్ని వెతకాలని తెలియాలంటే జరిగిందేమిటో ముందు అర్థం కావాలి.

మూడోది చిన్న ఇంజనును సొంతంగా రాసి నేర్చుకోమనే వాదం. దీనికి ఆదర్శం థామస్ జేకబ్సన్. 2000లో వచ్చిన హిట్‌మాన్ ఆటలో కూలిపోయే మనుషుల శరీరాలను, గుడ్డలను కొన్ని బిందువులు, వాటి మధ్య మారని దూరాలుగా పెట్టి కదిలించాడు, మరుసటి ఏడు ఆ కిటుకు అందరికీ చెప్పాడు. వాడిన పద్ధతి లూ వెర్లే అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త 1967లో ఆర్గాన్ అణువుల కదలికల కోసం వాడినది. గేములో శవం పడిపోవడానికీ ద్రవంలో అణువులు తిరగడానికీ ఒకే లెక్క సరిపోవడం కన్నా ఫిజిక్స్ గొప్పతనాన్ని చెప్పే పాఠం ఇంకొకటి ఉండదనిపిస్తుంది.

నాలుగో వాదం ప్రశ్ననే తలకిందులు చేస్తుంది. గేము కోసం ఫిజిక్స్ కాదు, ఫిజిక్స్ కోసం గేము. సేమూర్ పేపర్ట్ 1980లో, ఆండ్రియా డిసెస్సా 1982లో దీనికి పునాది వేశారు. డిసెస్సా ప్రయోగంలో తెర మీద ఒక తాబేలు బొమ్మ ఘర్షణ లేకుండా జారుతూ ఉంటుంది, దాన్ని ఏ దిక్కుకైనా తిప్పి తన్నొచ్చు. పైకి పోతున్న తాబేలును కుడివైపు మళ్ళించాలంటే చాలామంది పిల్లలు దాన్ని కుడికి తిప్పి తన్నారు. అది కుడికి పోకుండా ఐమూలగా పోయింది. పాత వేగం ఎక్కడికీ పోదన్న సంగతి వాళ్ళకు అప్పుడు తగిలింది. ఎంఐటీలో ఫిజిక్స్ చదివిన విద్యార్థిని కూడా మొదట అదే పొరపాటు చేసిందని డిసెస్సా రాశాడు. సూత్రం రావడం వేరు, ఒంటబట్టడం వేరు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వీటి పక్కన, వాదంగా లెక్కకు రాకపోయినా, ఆట రూపకర్తల గొణుగుడు ఒకటుంది: నిజం ఎవడిక్కావాలి? 1985 నాటి మారియో గాల్లో ఉండగానే దిశ మార్చుకుంటాడు, బటన్ నొక్కి ఉంచితే ఇంకా పైకి లేస్తాడు. ఇందులో న్యూటన్ లేడు, అయినా నలభై ఏళ్ళుగా జనం హాయిగా ఆడుతున్నారు. ఇది కాదనలేని మాటే. అయితే ఎక్కడ అబద్ధం చెప్పాలో తెలియాలన్నా నిజం తెలిసి ఉండాలి.

పోల్చి చూస్తే, మొదటి దారిలో లోతు ఉంది, వేగం లేదు. రెండో దానిలో వేగం ఉంది, కష్టకాలంలో దిక్కులేదు. నాలుగోది చిన్న తరగతుల్లో బాగా పనికొస్తుంది గానీ ఉద్యోగానికి తీసుకుపోదు. మూడోది అధ్యాపకుడి నుంచి ఎక్కువ అడుగుతుంది. అయినా మన టైంటేబుల్లో కనిపించిన ఖాళీకి సరిగ్గా అతికేది అదొక్కటే. అది ఎలాగో ఒక లెక్కతో చూడాలి.

ఊయల లెక్క

సెకనుకు ఒకసారి ఊగే డోలనాన్ని తీసుకుందాం. ఇంటర్ రికార్డులో రాసుకునే సరళ హరాత్మక చలనమే. కోడులో ప్రతి అరవయ్యో వంతు సెకనుకూ రెండు పనులు చేయాలి: ఇప్పటి వేగంతో స్థానం మార్చడం, ఇప్పటి త్వరణంతో వేగం మార్చడం. పుస్తకంలో యూలర్ చెప్పినట్టే రెండింటికీ పాత విలువలే వాడామనుకోండి. ప్రతి మెట్టుకూ శక్తి 1.1 శాతం చొప్పున పెరుగుతుంది. చూడటానికి చిల్లర దోషం. కానీ సెకనుకు 60 మెట్లు. చక్రవడ్డీ లెక్కన ఒక్క సెకను తిరిగేసరికి శక్తి 1.92 రెట్లవుతుంది. ఎవరూ తోయకుండానే ఊయల ఆకాశానికి ఎగిరిపోతుంది. శక్తి నిత్యత్వ నియమం మీద వ్యాసం రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి తన ప్రోగ్రాములో శూన్యంలోంచి శక్తి పుట్టడం కళ్ళారా చూస్తాడు.

దీనికి మందు రెండు వరసలను మార్చి రాయడం. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానం మార్చాలి. ఒక్క అక్షరం కొత్తగా చేర్చలేదు, కంప్యూటరుకు పని పెరగలేదు. శక్తి కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది తప్ప పెరిగిపోదు. ఊయల గంటలకొద్దీ బుద్ధిగా ఊగుతుంది. అలన్ క్రోమర్ 1981లో ఈ పద్ధతి మీద వ్యాసం రాశాడు. అది బయటపడింది ఓ హైస్కూలు విద్యార్థిని ప్రోగ్రాములో వరసలు పొరపాటున తారుమారు కావడం వల్లనని ఆయనే చెప్పాడు. ఇవాళ్టి చాలా గేము ఇంజన్లలో నడుస్తున్నది ఈ వరసే.

ఈ ఒక్క ఉదాహరణలో ఇంటర్ ఫిజిక్స్ ఉంది, పాత గణితం పేపరు ఉంది, మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ ఉంది. నేర్పడానికి రెండు పీరియడ్లు చాలు. ఖరీదైన ల్యాబు అక్కర్లేదు, ఫోనులో నడిచే పైథాన్ చాలు. ఇంజను వాదులు దీన్ని దాటేసి పోవడం, సంప్రదాయవాదులు దీన్ని ‘సుమారు లెక్క’ అని చిన్నచూపు చూడటం, రెండూ నష్టమే.

ఫోను మాట వచ్చింది కనుక ఇంకొకటి. సెకనుకు 5 మీటర్ల వేగంతో గెంతే పాత్ర లేవాల్సిన ఎత్తు 1.27 మీటర్లు. పై సవరించిన పద్ధతిలో కూడా, సెకనుకు 60 మెట్లున్న ఫోనులో 4 సెంటీమీటర్లు, 30 మెట్లే వేసే చవక ఫోనులో 8 సెంటీమీటర్లు తక్కువ లేస్తుంది. ఖరీదు ఫోనున్నవాడు గోడ ఎక్కేస్తాడు, పక్కవాడు ఎక్కలేడు. అందుకే బొమ్మ గీసే వేగం ఎలా ఉన్నా ఫిజిక్స్ మెట్టు మాత్రం మారకూడదన్నది ఈ వృత్తిలో మొదటి నియమం.

నీళ్ళ దగ్గర

డెల్టా పిల్లలు గేము రాయాలనుకుంటే అందులో నీళ్ళుంటాయి. దురదృష్టం ఏమిటంటే గేము ఫిజిక్స్‌లో అన్నిటికన్నా కఠినమైనదీ నీళ్ళే. సినిమా గ్రాఫిక్స్‌లో జలపాతం కోసం ఒక్కో ఫ్రేముకు గంటలు పట్టినా నిర్మాత భరిస్తాడు. గేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు, అందులోనే మిగతా పనులన్నీ.

లోతు తక్కువ, విస్తారం ఎక్కువ ఉన్న నీటి ప్రవాహానికి సెయింట్-వెనాంట్ 1871లో సమీకరణాలు ఇచ్చాడు. వరద అంచనాలకు ఇప్పటికీ ఆ కుటుంబం లెక్కలే ఆధారం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. అలాంటి చోట ప్రతి ఘనపుటడుగుకూ లెక్క చెప్పాలి, కాబట్టి గంటలు పట్టినా కచ్చితమైన లెక్కే కావాలి. కంప్యూటర్ గ్రాఫిక్స్ కోసం కాస్, మిల్లర్ 1990లో అవే సమీకరణాలను బాగా కుదించారు. జోస్ స్టామ్ 1999లో ఎంత పెద్ద మెట్టు వేసినా పేలిపోని ప్రవాహ పద్ధతి చూపాడు. దానికి మూల్యంగా సుడులు త్వరగా చల్లారిపోతాయి. గోదారి సుడులు చూసినవాళ్ళకు ఆ నీళ్ళు కాస్త చప్పగా కనిపిస్తాయి.

కానీ పడవ వేరు. నరసాపురం-సఖినేటిపల్లి రేవు పంటు లాంటిది తీసుకోండి. 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు అనుకుంటే, పది టన్నుల లారీ నడిమధ్యన ఎక్కితే ఆరు సెంటీమీటర్ల పైచిలుకు దిగుతుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం, తొమ్మిదో తరగతి పాఠం. గేములో పంటు నాలుగు మూలల్లోనూ నాలుగు బిందువులు పెట్టి, ఒక్కో బిందువు ఎంత మునిగితే అంత ఉత్ప్లవన బలం ఆ చోటే పైకి తోస్తుందని రాస్తే చాలు. లారీ ఒక పక్కకు జరిగితే పంటు ఆ పక్కకు ఒరుగుతుంది. ఒరగమని ఎవరూ కోడు రాయనక్కర్లేదు, టార్కులు తమంతట తామే వాలుస్తాయి. నీటి నిరోధం పెట్టడం మరిచిపోతే మాత్రం తెల్లవార్లూ ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది. గోళీలు, బిళ్ళంగోడు కూడా ఇదే కోవ. గోళీల ఆటలో అభిఘాతాల అధ్యాయం మొత్తం ఉంది, బిళ్ళ లేవడంలో భ్రమణం ఉంది. ఇంత సరుకు చేతిలో ఉంటే అభ్యాసానికి కారు పందేలే దేనికో.

తేలని సంగతులు

గేము రాసిన పిల్లలకు ఫిజిక్స్ బాగా వస్తుందా? చెయ్యి పెట్టి నేర్చుకునే తరగతులు ఉపన్యాస తరగతుల కన్నా మెరుగని రిచర్డ్ హేక్ 1998లో 6,500 మందికి పైగా విద్యార్థుల ఫలితాలతో చూపాడు: ఇంకా నేర్చుకోవాల్సి ఉన్న దాంట్లో విద్యార్థులు సాధించిన సగటు వంతు మొదటి వాటిలో 0.48, ఉపన్యాస తరగతుల్లో 0.23. అయితే అవి గేము తరగతులు కావు. తాబేలును తన్నడం నేర్చిన పిల్లవాడు పరీక్ష కాగితం మీద అదే ఆలోచన వాడతాడా అన్నది డిసెస్సా నాటినుంచీ వాదనలోనే ఉంది. ఈఏపీసెట్ ర్యాంకుకు ఇది ఎంత తోడ్పడుతుందని తల్లిదండ్రులు అడిగితే నికరమైన జవాబు ఇవ్వడం కష్టం.

ఎవరు చెప్పాలన్నది ఇంకా జటిలం. ఫిజిక్స్ అధ్యాపకులకు లూపులు కొత్త, కంప్యూటర్ అధ్యాపకులకు యాంత్రికశాస్త్రం మరుగున పడిన సంగతి. పదో తరగతి తర్వాత ఆరేళ్ళూ ఒకే కప్పు కింద చదివించే నూజివీడు ట్రిపుల్ ఐటీలోనో, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలోనో ఇద్దరినీ ఒక గదిలో నిలబెట్టడం సులువు కావచ్చు. ఇంటర్ ఒకచోట, బీటెక్ మరోచోట అయిన అనుబంధ కళాశాలల్లో అది సిలబస్ మారితే గానీ జరగదు. ఆ పైన ఇప్పుడు అడగ్గానే కోడు రాసిచ్చే కృత్రిమ మేధ వచ్చింది. వరసలు సరిగ్గా పెట్టిన ఊయల ప్రోగ్రాము క్షణంలో దొరుకుతుంది. దాంతో మూడో వాదం అవసరం తీరిపోయిందని కొందరంటారు. దొరికిన కోడులో బంతి బ్యాటులోంచి పోతుంటే ఏం అడగాలో తెలియాలంటే ఆ వాదమే కావాలని ఇంకొందరంటారు. రెండో మాటే సరైనదనిపిస్తుంది గానీ, దాన్ని నిరూపించే అనుభవం ఇంకా పోగవలేదు.

మార్కుల సంగతి అన్నిటికన్నా మొండిది. ల్యాబు పరీక్షలో ఒక విద్యార్థి గాలి నిరోధం, బంతి తిప్పుడు అన్నీ లెక్కగట్టి పథం కచ్చితంగా తెచ్చాడు, కానీ ఆట నత్తనడక నడుస్తోంది. మరొకతను గురుత్వాన్ని దిగేటప్పుడు రెట్టింపు చేసి, బ్యాటు మందాన్ని కంటికి కనిపించకుండా పదింతలు పెంచి, హాయిగా ఆడుకునే గేము తెచ్చాడు. తను ఎక్కడెక్కడ అబద్ధం చెప్పాడో, ఎందుకు చెప్పాడో అడిగితే చెప్పగలడు. ఇప్పటి రికార్డు పుస్తకంలో సూత్రానికి, పట్టికకు, ఫలితానికి, ‘దోష శాతం’కి గడులున్నాయి. రెండో విద్యార్థి చెప్పిన కారణాలు ఆ గడుల్లో దేంట్లో రాయాలో పరీక్షకుడికి ఎవరూ చెప్పలేదు.